ఆ రెగ్యులేటర్ విప్పిందెవరు?

నేను చెయ్యని తప్పుకి నన్ను మైకులో క్షమించారు.

అది మిషిగన్‌లో మా తెలుగు చర్చి. ఆదివారం ఆరాధన ముగిసి, ప్రకటనలు చదివే వేళ. సంఘపెద్ద ఒకాయన మైకు అందుకుని, "మన అంకుల్ బిగించిన గ్యాస్ రెగ్యులేటర్ ఫెయిల్ అవడం వల్ల సమ్మర్ క్యాంప్‌లో మన సిస్టర్ చెయ్యి కాలింది. అంకుల్ కావాలని చేసింది కాదు. వయసు మీదపడ్డాక ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. సిస్టర్ స్వస్థత కోసం, అంకుల్ మనశ్శాంతి కోసం ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

నేను బిగించిన రెగ్యులేటర్ ఫెయిల్ అవలేదు. దాన్ని ఎవరో విప్పారు. దాని చోట పెట్టకూడనిదాన్ని పెట్టారు. చెయ్యి కాలాక మళ్ళీ నాదాన్ని తెచ్చి యథాస్థానంలో తగిలించారు. ఇది నా ఊహ కాదు, ఎలా తెలిసిందో చెబుతాను. ఇప్పుడు మన కుర్రవాళ్ళు చాలామంది ఆర్వీలు కొంటున్నారు. చక్రాల మీది ఇల్లు కదా, సరదాగానే ఉంటుంది. దాంట్లో గ్యాస్ కూడా ఉంటుందన్న సంగతి స్టవ్ వెలగనప్పుడే గుర్తొస్తుంది. అలాంటివాళ్ళు చదువుతారని రాస్తున్నాను. నా పేరు కోసం కూడా రాస్తున్నాను. అది దాచను.

నాది పెద్ద చదువు కాదు. గుడివాడలో ఒక గ్యాస్ ఏజెన్సీలో సిలిండర్లు మోశాను, తర్వాత అక్కడే స్టవ్‌లు బాగుచేశాను. అక్క పెట్టిన పిటిషన్ మీద నలభై దాటాక మిషిగన్ వచ్చాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా బావగారి స్నేహితులందరూ కార్ల కంపెనీల్లో ఇంజినీర్లు. నాకు ఊరి బయట ఆర్వీలు బాగుచేసే షాపులో పని దొరికింది. ఇంగ్లీషు మాన్యువల్స్ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. గ్యాస్ పనికి కావలసిన పరీక్షలు రాశాను. మొదటిసారి తప్పాను, రెండోసారి తప్పలేదు.

అక్కడ నాకు పని నేర్పినవాడు ఒక పొడుగాటి ముసలాయన. తెల్లాయన, మితభాషి. షాపులో అందరూ అతన్ని గురువులాగే చూసేవారు కానీ ఆ మాట అంటే ఊరుకునేవాడు కాదు. రెగ్యులేటర్ ఎలా ఎంచాలో అతను నాకు చెప్పిన పద్ధతి ఇప్పటికీ అంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. "ముందు లోపలికెళ్ళి ఎంతమంది తిండికి కూచున్నారో చూడు" అన్నాడు. హీటరు, నీళ్ళు కాచేది, ఫ్రిజ్, స్టవ్. అన్నీ గ్యాస్ తినేవే. చలికాలం పొద్దున్న అన్నీ ఒకేసారి అడిగితే అన్నిటికీ సరిపడా పెట్టగలగాలి. తక్కువైతే మంట పసుపుపచ్చగా మారి ఊగుతుంది. అందుకని పెద్దది తెచ్చి పెట్టేద్దామంటే కుదరదు, ఒత్తిడి ఒక హద్దు దాటకూడదు. సిలిండర్‌లో గ్యాస్ బుసకొడుతూ ఉంటుంది. స్టవ్‌కి కావలసింది ఊపిరి అంత. ఆ బుసని ఊపిరిగా మార్చేదే రెగ్యులేటర్. ఆర్వీకి దాన్ని రెండంచెల్లో మార్చే రకమే పెట్టాలి. దాని కింద చిన్న గాలిరంధ్రం ఉంటుంది, అది నేలవైపే చూడాలి. పైకి చూస్తే వాననీళ్ళు పోతాయి, పురుగులు గూళ్ళు కడతాయి. ఈ ఒక్క విషయంలో నేను షాపులో అందరి ప్రాణాలూ తోడేవాణ్ణి.

మనవాళ్ళకి ఇందులో ఒక చిక్కు ఉంది. మన దేశంలో రెగ్యులేటర్ అనేది ఎంచుకునే వస్తువు కాదు. కనెక్షన్‌తో పాటు ఏజెన్సీవాళ్ళు ఇస్తారు, ఊరంతా ఒకటే రకం. సిలిండర్ మీద టక్కున నొక్కుతాం, నాబ్ ఒక్కసారి తిప్పుతాం, అంతే. పాడైతే పక్కింటిది తెచ్చుకుని వంట ముగిస్తాం. ఆ అలవాటు సముద్రాలు దాటి వచ్చింది. ఇక్కడ సిలిండర్ వాల్వ్ మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే, గొట్టం తెగిందేమోనని లోపలి అడ్డుబిళ్ళ పడిపోయి, గ్యాస్ చుక్కచుక్కగా మాత్రమే వస్తుంది. మంట దీపంలా ఉంటుంది. మళ్ళీ అన్నీ కట్టేసి, కాస్త ఆగి, నెమ్మదిగా తెరిస్తే చాలు. తెలియనివాళ్ళు మాత్రం రెగ్యులేటర్ పోయిందనుకుంటారు.

ఇంకో సంగతి. మిషిగన్‌లో ఏ తెలుగువాళ్ళ గరాజ్ తలుపెత్తినా, మంచు తోసే మిషను పక్కన పెద్ద బిర్యానీ స్టవ్ ఒకటి కనిపిస్తుంది. దానికొక ఎర్ర రెగ్యులేటర్, నల్ల గొట్టం. బయట పెద్ద డేగిసాల కింద భగభగమనే మంట కోసం తయారుచేసింది అది. నాబ్ తిప్పినకొద్దీ ఒత్తిడి పెంచుతూ పోతుంది. దాని మరలు ఆర్వీ మరలకి చక్కగా సరిపోతాయి. అలా సరిపోకుండా ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

మా చర్చివాళ్ళు ఒక పాత ట్రైలర్ కొన్నారు, కారు వెనక తగిలించి లాక్కెళ్ళే రకం ఆర్వీ. వేసవిలో కుటుంబాలన్నీ లేక్ దగ్గర క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళి, టెంట్లలో పడుకుని, పగలు వాక్యధ్యానాలు, సాయంత్రం పాటలు. ట్రైలర్ పసిపిల్లల తల్లులకి, ముసలివాళ్ళకి. ఆ వసంతంలో దాని రెగ్యులేటర్ గాలిరంధ్రంలోంచి గ్యాస్ వాసన వస్తోందని మా షాపుకి తెచ్చారు. తెచ్చింది సంఘపెద్ద, ఆయనతో పాటు క్యాంపు వంటలు చూసే దంపతులు. భర్త ముప్పయ్యైదేళ్ళవాడు, సాఫ్ట్‌వేర్, నవ్వు మొహం. మా చర్చిలో బిర్యానీ అంటే వాళ్ళిద్దరే. భార్య సన్నటి అమ్మాయి, చంకలో బిడ్డ.

సంఘపెద్ద ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. "అంకుల్, ఆన్‌లైన్‌లో ఇది సగం రేటుకే వస్తోంది. సేమ్ థ్రెడ్. ఇదే ఆర్డర్ చేసేద్దామా?"

"ఇది ఒక్క అంచెది. బార్బెక్యూకి పెట్టుకో. దీంట్లో మనుషులు పడుకుంటారు."

"గ్యాస్ గ్యాసే కదా అంకుల్."

"రక్తం రక్తమే కదా అని ఎవరిదైనా ఎక్కించుకుంటావా?"

భర్త పెద్దగా నవ్వాడు. "ఓ రెగ్యులేటర్‌కి ఇన్ని పెళ్ళిచూపులా అంకుల్! కులం, గోత్రం కూడా అడిగేలా ఉన్నారు."

"అడుగుతాను. ఎవరింటికి వెళ్తోందో, ఎంతమందికి వండాలో అన్నీ అడుగుతాను" అన్నాను. నాకూ నవ్వొచ్చింది. మంచి కుర్రాడు, అప్పటికీ ఇప్పటికీ ఆ మాట అనడానికి నాకు అభ్యంతరం లేదు.

లోపలికి వెళ్ళి తిండికి కూచున్నవాళ్ళనందరినీ లెక్క చూసుకున్నాను. రెండు సిలిండర్లున్న ట్రైలర్ కాబట్టి ఒకటి అయిపోతే రెండోదానికి దానంతటదే మారే రకం, రెండంచెలది, అన్నీ ఒకేసారి వెలిగినా సరిపోయేది ఎంచాను. గొట్టాలు కూడా పగుళ్ళు చూపిస్తుంటే మార్చేశాను. గాలిరంధ్రం కిందికి చూసేలా పట్టీకి బిగించి, సబ్బునురగ రాసి, ఒత్తిడి కొలిచే గాజు గొట్టంలో నీళ్ళు ఎక్కడ నిలబడ్డాయో ముసలాయన్ని కూడా పిలిచి చూపించాను. అతను తలూపాడు. అతని దగ్గర అదే సర్టిఫికెట్.

అప్పగించేటప్పుడు భర్తని ట్రైలర్ ముందుకి తీసుకెళ్ళి చెప్పాను. "వాల్వ్ మెల్లగా తిప్పాలి. ఎంత మెల్లగా అంటే నీకు విసుగు పుట్టాలి. మంట చిన్నగా వస్తే కంగారుపడకు. అన్నీ కట్టేసి మళ్ళీ మెల్లగా తెరువు. బిర్యానీ స్టవ్ సామాను మాత్రం దీని దగ్గరికి రానివ్వకు. దాని సిలిండర్ దానిదే, దీనిది దీనిదే."

"గ్యాస్ సంగతి నాకు చెప్తున్నారా అంకుల్? మా ఇంట్లో నెలకి రెండు దమ్‌లు!"

"అందుకే చెప్తున్నాను."

సంఘపెద్ద కూడా విన్నాడు. ఆ అమ్మాయి అవతల కారు దగ్గర బిడ్డకి సీటు బెల్టు పెడుతోంది. వాళ్ళు వెళ్ళిపోయారు.

క్యాంపుకి నేను వెళ్ళలేదు. వేసవిలో మా షాపుకి ఊపిరాడదు. సోమవారం పొద్దున్నే మేనేజర్ నన్ను లోపలికి పిలిచాడు. అతను చెడ్డవాడేం కాదు. పుట్టినరోజులకి కేకు తెప్పించేవాడు. కానీ ఏ గొడవైనా మధ్యాహ్నం లోపల ముగిసిపోవాలి అతనికి. "మీవాళ్ళ ట్రైలర్‌లో, ఆ రోజు బిడ్డతో వచ్చినావిడకి చెయ్యి కాలిందట. వాళ్ళ పెద్దమనిషి ఫోన్ చేశాడు. మనం పెట్టిన రెగ్యులేటర్ వల్లేనంటున్నాడు. ఇన్సూరెన్స్‌వాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు.

మొదట ఆ అమ్మాయి ఎలా ఉందని అడిగాను. మోచేయి దాకా కాలింది, ప్రాణభయం లేదు, బిడ్డకేం కాలేదు అన్నాడు.

ఆ తర్వాత సంఘపెద్దకి ఫోన్ చేశాను. ఆయన చెప్పింది ఇది: సాయంత్రం వాన. బిడ్డకి పాలు కాచడానికి సిస్టర్ ట్రైలర్‌లో స్టవ్ వెలిగించింది. మంట సరిగా రాలేదు. తర్వాత ఒక్కసారిగా ఎగిసి చెయ్యి కాలింది.

"ముందు రాలేదు, తర్వాత ఎగిసింది?"

"అవునంకుల్."

"మధ్యలో?"

"మధ్యలో ఏముంది అంకుల్? రాలేదు, వచ్చింది."

గ్యాస్‌తో ఇన్నేళ్ళు బతికినవాడిగా చెబుతున్నాను. అడ్డుబిళ్ళ పడి దీపంలా వెలిగే మంట, దానంతటది ఎగిసి మోచేయి దాకా రాదు. రావడానికి ఇంకొకటి చెయ్యాలి. ఆ రెండింటి మధ్య ఒక మనిషి చెయ్యి ఉంది.

ట్రైలర్ షాపుకి వచ్చింది. ముందువైపు వంగి చూశాను. నా రెగ్యులేటరే, కానీ దాని గాలిరంధ్రం ఆకాశం వైపు చూస్తోంది. పట్టీ తలకిందులుగా బిగించి ఉంది. ఇత్తడి నట్ల మీద పానా జారిన గీతలున్నాయి. నేను జారనివ్వను. లోపల స్టవ్ వాల్వ్‌లు చెడిపోయాయి, ఫ్రిజ్ వాల్వ్ కారుతోంది. ఒత్తిడి హద్దు మీరితే అయ్యే పనులు అవన్నీ. ముసలాయన్ని పిలిచాను. ఇద్దరం ఆ రెగ్యులేటర్‌ని విప్పి, బల్ల మీద పెట్టి, గ్యాస్ పట్టించి కొలిచాం. గాజు గొట్టంలో నీళ్ళు ఏ గీత దగ్గర నిలబడాలో అక్కడే నిలబడ్డాయి. గ్యాస్ బయటికి పోకుండా ఆపితే ఎంత పెరగాలో అంతే పెరిగాయి. మళ్ళీ మళ్ళీ కొలిచాం. ముసలాయన టోపీ తీసి తల గోక్కుని, "నీ రెగ్యులేటర్ నిద్రపోతున్న పిల్లాడిలా ఉంది" అన్నాడు.

మేనేజర్‌ని పిలిచి చూపించాం.

"ఇప్పుడు బాగానే పనిచేస్తోంది" అన్నాడు అతను. "అప్పుడు ఎలా పనిచేసిందో ఇది చెప్పదు కదా."

"రంధ్రం పైకి ఉంది. ఎవరో విప్పి పెట్టారు."

"లేదా నువ్వే అలా పెట్టావేమో."

ముసలాయన అప్పుడు మాట్లాడాడు. "ఇతనా? ఆ రంధ్రం గురించి ఇతను నా బుర్ర తిన్నంత మా ఆవిడ కూడా తినలేదు. పోయిన చలికాలం నేను పెట్టినదాన్ని నా ముందే విప్పి తిప్పిపెట్టాడు. నేను వారం రోజులు ఇతనితో మాట్లాడలేదు."

మేనేజర్ నవ్వాడు కానీ మాట మార్చలేదు. "కస్టమర్‌వాళ్ళు ఎవరూ ముట్టుకోలేదంటున్నారు. వాళ్ళు నీవాళ్ళు, నీ చర్చి. నీ మీద అబద్ధం ఎందుకు చెప్తారు? వాళ్ళచేత నిజం చెప్పించు, నేను ఇవాళే రాసిస్తాను. అప్పటిదాకా నువ్వు గ్యాస్ పని ముట్టుకోవద్దు."

వాళ్ళు నావాళ్ళే. నాకూ అదే ధైర్యం ఉండేది. ఆదివారం వెళ్ళి అడిగితే చెప్పేస్తారు, అందులో ఏముంది అనుకున్నాను. తప్పు ఎవరైనా చేస్తారు. తిట్టాలనీ లేదు నాకు. ఇక మీదట ఎవరూ అలా చెయ్యకుండా నాలుగు మాటలు చెప్పి, టీ తాగి వచ్చేద్దామనుకున్నాను.

ఆ ఆదివారమే నన్ను మైకులో క్షమించారు.

ప్రార్థన అయ్యాక కింద హాల్లో టీలు, సమోసాలు. ఆ అమ్మాయి ఒక మూల కుర్చీలో కూచుంది, చేతికి మోచేతి దాకా తెల్ల కట్టు. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. నేను ఆమెని ఇబ్బంది పెట్టదలచుకోలేదు. చెయ్యి కాలిన మనిషిని ఏమడుగుతాం? నేరుగా భర్త దగ్గరికి వెళ్ళాను.

"ఎవరు విప్పారు?"

"అంకుల్..." అన్నాడు. ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"మంట రాలేదు. తర్వాత ఎగిసింది. మధ్యలో ఏం చేశారు?"

వెనకనించి ఎవరో, "ప్రార్థన చేశాం అంకుల్" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వి, వెంటనే ఆపేశారు.

"మీ గరాజ్‌లో ఎర్ర రెగ్యులేటర్ ఉంది కదా. అది క్యాంపుకి వచ్చిందా లేదా?"

"వచ్చింది అంకుల్. బిర్యానీకి. బయటే వండాం."

"బయటే ఉందా చివరిదాకా?"

అతను కాగితపు ప్లేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క అవును, ఒక్క కాదు, ఏదో ఒకటి అనొచ్చు. సంఘపెద్ద వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, కోట్లు తగిలించే వసారాలోకి తీసుకెళ్ళాడు.

"అంకుల్, మీరు పెద్దవారు. ఎందుకింత సీరియస్ చేస్తున్నారు? షాపు ఇన్సూరెన్స్ చూసుకుంటుంది, మీ జేబులోంచి పోయేదేం లేదు. వాళ్ళ సంగతి ఆలోచించండి. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. నెగ్లిజెన్స్ అని, చిన్నపిల్లాడు లోపల ఉన్నాడని ఎవరైనా రిపోర్ట్ రాస్తే? పిల్లాణ్ణి తీసుకెళ్తామని చైల్డ్ సర్వీసెస్‌వాళ్ళు వస్తే? మొత్తం లైఫ్ అప్‌సెట్ అవుతుంది."

"అయితే విప్పారని నీకు తెలుసు."

"నాకేం తెలీదంకుల్. నేనడగలేదు. మీరూ అడగొద్దంటున్నాను. మీరు సిటిజన్, ఇంకో రెండు మూడేళ్ళలో రిటైర్ అవుతారు. మీకేమవుతుంది?"

నేను ఆ వసారాలోంచి మళ్ళీ హాల్లోకి వచ్చాను. గొంతు పెంచాననే అంటారు అందరూ. పెంచాను. "వాళ్ళ మీద ఏ కాగితం వద్దు. పోలీసులు వద్దు. ఇందాక మైకులో ఏ మాట అన్నారో, అదే చోట, వీళ్ళందరి ముందూ, అంకుల్ పెట్టింది పాడవలేదు, మేం విప్పాం అని ఒక్క మాట చెప్పండి. నాకంతే చాలు" అన్నాను. సమోసాల పళ్ళెం పట్టుకున్న ఒకాయన అలాగే నిలబడిపోయాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ అమ్మాయి నా వైపే చూస్తోంది. భర్త నేల చూస్తున్నాడు. నేను వచ్చేశాను.

నాకేమయిందో చెబుతాను.

మేనేజర్ ఇన్సూరెన్స్‌వాళ్ళకి పంపినదాంట్లో, మెకానిక్ ఎంపికలో పొరపాటు అయివుండవచ్చు అని రాశాడు. అయివుండవచ్చు అన్న మాటతో అతని మధ్యాహ్నం ప్రశాంతంగా గడిచింది. నన్ను తీసెయ్యలేదు. గ్యాస్ పని మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. రిటైరయ్యేదాకా ఆర్వీల కప్పుల మీదెక్కి, పాత బంక గీకి కొత్త బంక పూశాను. అదీ పనే, చిన్నచూపు నాకు లేదు. కానీ కింద కొత్త కుర్రవాడెవడో రంధ్రం పైకి పెట్టి బిగిస్తుంటే పైనించి కనిపించేది. చెప్పడానికి నాకు అధికారం లేదు. ముసలాయన కిందనించి నన్ను చూసేవాడు, వెళ్ళి దాన్ని తిప్పి పెట్టేవాడు. తర్వాత అతనూ రిటైరై దక్షిణానికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు తన గాజు గొట్టం నాకిచ్చాడు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.

చర్చి మానేశాను. మా ఆవిడ కూడా నాతో పాటే మానేసింది, కానీ ఊరికే మానలేదు. మా వీధి చివర ఇంగ్లీషు చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాం. మొదటి ఆదివారం కారెక్కగానే, "ఇంగ్లీషులో ప్రార్థన చేస్తుంటే దేవుడితో ఇంటర్వ్యూకి వెళ్ళినట్టుందండీ" అంది. ఇంకో ఆదివారం, "మీ కోపానికి నేనెందుకు పాటలు మానుకోవాలి?" అంది. క్రిస్మస్‌కి ఇంట్లో ఒక్కతే తెలుగు పాటలు పాడుకునేది. మైకులో ఒక మాట వల్ల మా ఇంట్లో సంగతి అంత దూరం వెళ్ళింది. సంఘపెద్ద అడిగాడు కదా మీకేమవుతుందని, అందుకు రాస్తున్నాను.

వదిలెయ్యమని చాలామంది చెప్పారు. వదిలెయ్యడం గొప్పగుణమని నాకూ తెలుసు. కానీ గమనించండి, వదిలెయ్యమని ఎప్పుడూ చెప్పేది మాట పడ్డవాడికే. అన్నవాడికి ఎవరూ చెప్పరు, ఆ మాట వెనక్కి తీసుకొమ్మని. ఇది మనవాళ్ళ పద్ధతి. ఇంట్లో ఒకడు గట్టివాడని తెలిస్తే మోతంతా వాడి నెత్తినే పెడతారు, పెట్టి, వాడు మంచివాడని పొగుడుతారు.

నేను ఒక్క పని చేశాను. ప్రతి వేసవీ ఆ క్యాంపు ఫొటోలు ఎవరి ద్వారానో నా ఫోన్‌కి చేరేవి. అవి చూసినప్పుడల్లా ఆ భర్తకి ఒకే ప్రశ్న పంపేవాణ్ణి: "ఆ రెగ్యులేటర్ విప్పిందెవరు?" తిట్టు లేదు, బెదిరింపు లేదు. అతను చేతులు జోడించిన బొమ్మ పంపేవాడు. ఒకసారి ఒక బైబిల్ వాక్యం పంపాడు, క్షమాపణ గురించినది. ఒకసారి, నేనెప్పుడడిగానో దానికి చాలా తర్వాత, "హ్యాపీ ఈస్టర్ అంకుల్, ఆంటీకి వందనాలు చెప్పండి" అని వచ్చింది. మా ఆవిడకి చెప్పాను. "ప్రతివందనాలు చెప్పండి, ప్రశ్న మళ్ళీ అడగండి" అంది. అప్పటికి ఆవిడకీ పట్టుదల వచ్చేసింది.

ఇది చదివే పిల్లలకి నా వృత్తి నుంచి చెప్పగలిగింది కొంచెమే. రెగ్యులేటర్ ఎంచేటప్పుడు మరలు సరిపోయాయా అని చూడటం ఆఖరి పని. ముందు లోపల ఎవరెవరికి గ్యాస్ కావాలో చూడండి. ఆర్వీకని రాసి ఉన్న రెండంచెలదే కొనండి. ఎర్రదాన్ని దాని పెద్ద స్టవ్ దగ్గరే ఉంచండి. మంట చిన్నదైతే పానా తియ్యకండి, వాల్వ్ కట్టి మళ్ళీ మెల్లగా తెరవండి. విప్పితే విప్పామని చెప్పండి. ఈ చివరిది ఏ మాన్యువల్‌లోనూ లేదు, నేను వెతికాను.

ఈ వేసవి కూడా అదే ప్రశ్న పంపాను. బొమ్మ రాలేదు, వాక్యం రాలేదు. కొన్నాళ్ళకి నేను ఎరగని నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను, తర్వాత మా ఆవిడకి చదివి వినిపించాను. ఒక్క అక్షరం మార్చకుండా కింద పెడుతున్నాను.

"వందనాలు అంకుల్. నేను చెయ్యి కాలిన సిస్టర్‌ని. మీరు ఆయనకి పంపే క్వశ్చన్ ఇన్నేళ్ళూ నేనూ చదువుతూనే ఉన్నాను. విప్పింది ఆయన కాదు, నేను. బాబు ఆకలికి ఏడుస్తున్నాడు, స్టవ్ రాలేదు, ఫోన్ సిగ్నల్ లేదు, ఆయన మిగతా పిల్లలతో లేక్ దగ్గర షెడ్‌లో ఉన్నారు. కొత్తది పాడైందనుకుని పట్టీతో సహా తీసేసి బిర్యానీ స్టవ్‌ది పెట్టాను. మర్నాడు ట్రైలర్ తేవడానికి వెళ్ళినప్పుడు ఆయన మీరు పెట్టిన రెగ్యులేటర్‌నే మళ్ళీ పెట్టేశారు, నా మీద కేసు అవుతుందని భయపడి. వాల్వ్ మెల్లగా తిప్పాలని మీరు ఆయనకి చెప్పారట. నాకెవరూ చెప్పలేదు అంకుల్. వండేది నేను. గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు, వచ్చేదాకా ఆగుదామన్నారు ఆయన. నేనే ఆగలేకపోయాను. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అదే మైకు తీసుకుని, అందరి ముందూ, అంకుల్ పెట్టింది పాడవలేదు, నేను విప్పాను అని చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. మీరు లేరు. మీరూ ఆంటీ వస్తే ఇంకోసారి చెప్తాను."